గురజాడ అప్పారావు రచనా జీవితం: ఆలస్యం, పరిపాకం

ఆధునికాంధ్ర సాహిత్య చరిత్రలో గురజాడ వెంకట అప్పారావు గారి స్థానం సుప్రతిష్ఠితం. 1862 సెప్టెంబరు 21న జన్మించి 1915 నవంబరు 30న పరమపదించిన ఆయన జీవించినది యాభైమూడేళ్లు. ఆయన రచనలను విషయక్రమంలో చదవడం మనకు అలవాటు. నాటకం ఒకచోట, ఖండకావ్యాలు ఒకచోట, కథానికలు వేరొకచోట కూర్చి పాఠ్యగ్రంథాలలో చేర్చుతున్నాము. అవే రచనలను కాలక్రమంలో పేర్చి చూచినప్పుడు ఒక విశేషం స్ఫుటంగా గోచరిస్తుంది. నేడు మనం చదువుతున్న రూపంలోని ‘కన్యాశుల్కం’, ‘ముత్యాల సరాలు’, ‘కాసులు’, ‘లవణరాజు కల’, ‘కన్యక’, ‘పుత్తడి బొమ్మ పూర్ణమ్మ’, ‘దేశభక్తి’, ‘దిద్దుబాటు’ మొదలైనవన్నీ 1909 నుంచి వెలువడినవే. అనగా ఆయన కీర్తికి ఆధారమైన వాఙ్మయమంతా చివరి ఏడేళ్ల లోపల రూపొందినది.

ఇరవై ఒకటవ ఏటనే ఆంగ్లకవిగా ప్రశంసలందుకొన్న వ్యక్తి తెలుగు కవితలో తన మార్గాన్ని ఆవిష్కరించడానికి మరి ఇరవై ఆరేళ్లు పట్టింది. ఈ వ్యవధి ఎందుకు ఏర్పడింది? అది వ్యర్థకాలమా, సాధనకాలమా? అలంకారశాస్త్రం ఈ ప్రశ్నకు ఒక దారి చూపుతున్నది. కావ్యప్రకాశకారుడు శక్తి, నిపుణత, అభ్యాసం అనే మూడింటినీ వేరువేరు హేతువులుగా కాక, కలిసి ఒకే హేతువుగా నిరూపించాడు. ఈ మూడూ ఒకే వయస్సులో ఒకచోట చేరాలన్న నియమమేదీ లేదు. గురజాడ వారిలో అవి ఏ క్రమంలో చేరినవో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

బాల్యం, విద్య

అప్పారావు గారు విశాఖపట్టణ మండలంలోని ఎస్. రాయవరంలో మాతామహుల ఇంట జన్మించారు. తల్లి కౌసల్యమ్మ, తండ్రి వెంకట రామదాసు. తండ్రి విజయనగర సంస్థానోద్యోగి. ప్రాథమిక విద్య చీపురుపల్లిలో జరిగింది. తరువాత చదువు విజయనగరంలో సాగింది. అక్కడ మహారాజా కళాశాలాధ్యక్షులు చంద్రశేఖర శాస్త్రి గారు ఈ విద్యార్థికి ఆశ్రయమిచ్చి ఆదరించారు. 1882లో మెట్రిక్యులేషన్, 1884లో ఎఫ్.ఏ., 1886లో బి.ఏ. పట్టాలు పొందారు. బి.ఏ.లో తత్త్వశాస్త్రం ప్రధాన విషయం, సంస్కృతం ద్వితీయ భాష. అదే విజయనగరంలో ఆయనకు లభించిన సహాధ్యాయి గిడుగు వేంకట రామమూర్తి గారు. ఈ మైత్రి ఇరువురి జీవితాలలోనూ, తెలుగు భాషా చరిత్రలోనూ ఎంతటి ఫలితాన్నిచ్చిందో విజ్ఞులకు విదితమే.

విద్యార్థి దశలోనే అప్పారావు గారి శక్తి వెల్లడైనది. అది వెల్లడైన భాష మాత్రం ఆంగ్లం. సారంగధర కథను ఆంగ్లంలో పద్యకావ్యంగా రచించి 1883లో ‘ఇండియన్ లీజర్ అవర్’ పత్రికలో ప్రకటించారు. కలకత్తా నుంచి వెలువడే ‘రీస్ అండ్ రయ్యత్’ సంపాదకులు శంభుచంద్ర ముఖర్జీ ఆ కావ్యాన్ని మెచ్చి తమ పత్రికలో పునర్ముద్రించారు. మెప్పుతోపాటు ఒక హితవు కూడా చెప్పారు. ఎంతటి ప్రతిభావంతుడైనా పరభాషలో వ్రాసినంతకాలం మహోన్నత స్థానాన్ని అందుకోలేడనీ, మాతృభాషలో రచన చేయవలసినదనీ ఆ హితవు సారాంశం.

ఇక్కడ గమనింపదగిన అంశమొకటున్నది. ఆ ఆంగ్లకావ్యానికి వస్తువు తెలుగువారి నోళ్లలో నలిగిన కథ. భాష పరాయిదైనా కథ సొంతదే. వస్తువు ఇంటిది, వాహనం పొరుగుది. ఈ రెంటికీ మధ్యనున్న దూరాన్ని తొలగించుకోవడానికే ఆయన జీవితంలో అధికభాగం వ్యయమైనదని చెప్పవచ్చు.

కొలువు, కళాశాల

1884లో మహారాజా ఉన్నత పాఠశాలలో నెలకు 25 రూపాయల జీతంపై ఉపాధ్యాయునిగా చేరారు. మరుసటి సంవత్సరం అప్పల నరసమ్మ గారితో వివాహమైనది. పట్టభద్రులైన పిమ్మట కొంతకాలం డిప్యూటీ కలెక్టరు కార్యాలయంలో పనిచేసి, 1887లో మహారాజా కళాశాలలో ఉపన్యాసకులైనారు. ఆంగ్ల వ్యాకరణం, సంస్కృత సాహిత్యం, అనువాదం, గ్రీకు రోమను చరిత్రలు బోధించారు. ఒకే అధ్యాపకుడు ఇన్ని విషయాలను బోధించవలసి రావడం ఆ కాలపు కళాశాలలకు సహజమే. కాని ఈ బోధన వల్ల కలిగిన మేలు చిన్నది కాదు. కాళిదాసునూ ఆంగ్లకవులనూ పక్కపక్కన ఉంచి విద్యార్థులకు వివరించే వానికి భాషల స్వభావభేదం నిత్యానుభవమవుతుంది. ఆలంకారికులు వ్యుత్పత్తి అని పేర్కొన్నది ఇదే.

సంస్థానాధీశులు ఆనంద గజపతి మహారాజు విద్వద్గోష్ఠీప్రియులు. వారి సన్నిధిలో అప్పారావు గారు మొదట అధ్యాపకునిగా, పిదప సంస్థాన శాసన పరిశోధకునిగా ఆదరం పొందారు. శాసన పరిశోధన ఆయనకు మరొక తలుపు తెరిచింది. రాతిపై చెక్కిన తెలుగును శతాబ్దాల వారీగా పరిశీలించిన వానికి భాష మారుతూ వచ్చినదన్న సత్యం ప్రత్యక్షమవుతుంది. కావ్యాలను మాత్రమే చదివినవానికి భాష స్థిరమన్న భ్రాంతి కలగవచ్చు. శాసనాలను చదివినవానికి ఆ భ్రాంతి నిలవదు.

తొలి కన్యాశుల్కం

సృజనాత్మక రచనలో అప్పారావు గారు తెలుగులో వేసిన మొదటి పెద్ద అడుగు ‘కన్యాశుల్కం’. ఆనంద గజపతి మహారాజు విశాఖపట్టణ మండలంలోని బ్రాహ్మణ కుటుంబాలలో జరుగుతున్న శుల్కవివాహాల వివరాలను సేకరింపజేశారు. మూడేళ్లలో 1,034 వివాహాలు లెక్కకు వచ్చాయి. వారిలో ఐదేళ్ల బాలికలు 99 మంది, నాలుగేళ్లవారు 44 మంది, మూడేళ్లవారు 36 మంది, రెండేళ్లవారు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఈ అంకెలు కవి పీఠికకెక్కాయి. నాటకరచనకు ప్రేరణ ఊహలో పుట్టినది కాదు, ఈ పట్టికలో పుట్టినది.

నాటకం 1892లో జగన్నాథ విలాసినీ సభ వారిచే విజయనగరంలో ప్రదర్శితమై ప్రజాదరం పొందింది. అప్పటికి కవి వయస్సు ముప్ఫై. ముద్రణ మాత్రం ఐదేళ్లు ఆలస్యమై 1897లో జరిగింది. గ్రంథాన్ని ఆనంద గజపతికి అంకితం చేశారు. పాత్రలన్నీ వాడుక భాషలో మాట్లాడటం నాడు సాహసమే. అదే 1897లో వేదం వేంకటరాయ శాస్త్రి గారి ‘ప్రతాపరుద్రీయం’ కూడ వెలువడింది. శాస్త్రి గారు పాత్రోచిత భాషను శాస్త్రసమ్మతంగా ప్రవేశపెట్టారు. నీచపాత్రలకు వ్యావహారికం, ఉత్తమపాత్రలకు గ్రాంథికం అన్నది వారి వ్యవస్థ. అప్పారావు గారు ఆ విభజనను పాటింపక అందరికీ వాడుకభాషనే ఇచ్చారు. ఒకే సంవత్సరంలో వెలువడిన ఈ రెండు నాటకాలను కలిపి చదివితే ఆనాటి భాషాసమస్య ఉభయపార్శ్వాలూ అవగతమవుతాయి.

అయినను 1897 నాటి నాటకం నేటి మన నాటకం కాదు. అది ఐదంకాల గ్రంథం. కాలాంతరంలో దుర్లభమైన ఆ ప్రతిని 1969లో బంగోరె గారు ‘మొదటి కన్యాశుల్కం’ పేరుతో పునర్ముద్రించినందువల్ల రెండు రూపాలనూ పోల్చి చూచే అవకాశం పరిశోధకులకు కలిగింది.

పన్నెండేళ్ల విరామం

1897లోనే ఆనంద గజపతి దివంగతులైనారు. అప్పారావు గారు మహారాజు సోదరి, రీవా మహారాణి అప్పలకొండయాంబ గారి ఆంతరంగిక కార్యదర్శిగా నియుక్తులైనారు. సంస్థాన వారసత్వ వ్యాజ్యం ఆయన మీద పడిన పెద్ద బరువు. దస్తావేజుల సేకరణ, న్యాయవాదులతో సంప్రదింపులు, చెన్నపట్టణ ప్రయాణాలు ఆయన దినచర్యలైనాయి. ఆరోగ్యం మొదటినుంచీ అంతంతమాత్రమే. ఈ కాలంలో ఆయన నుంచి వెలువడిన సృజనాత్మక రచన స్వల్పం. నీలగిరులలో ఉన్నప్పుడు వ్రాసిన పాటలు, సంపూర్తి కాని ‘కొండుభట్టీయం’ వంటివి ఇందుకు ఉదాహరణలు.

బయటినుంచి చూచేవారికి ఇది కవి కొలువులో కరగిపోయిన కాలంగా కనిపిస్తుంది. తొలి నాటకంతో ఆశలు రేపిన రచయిత మళ్లీ కలం పట్టలేదని నాటి మిత్రులు భావించి ఉంటే అందులో వింత లేదు. అయితే ఫలితాన్ని బట్టి వెనుకకు చూచినప్పుడు ఈ పన్నెండేళ్లలో రెండు పనులు జరిగినట్లు తెలుస్తుంది.

మొదటిది లోకజ్ఞానం. రెండవ కన్యాశుల్కంలోని వకీళ్లు, గుమాస్తాలు, కూటసాక్ష్యాలు, వ్యాజ్యపు ఎత్తుగడలు ఏళ్ల తరబడి న్యాయస్థాన పత్రాల నడుమ మసలిన వ్యక్తికి సుపరిచిత విషయాలు. కొలువు ఆయన కాలాన్ని హరించింది, కాని మనుష్యులను చూపింది.

రెండవది భాషావిషయకమైన నిర్ణయం. 1906కు తరువాత గిడుగు రామమూర్తి గారు, పాఠశాలల పర్యవేక్షకులు యేట్సు దొరగారు, విశాఖపట్టణం కళాశాలాధ్యక్షులు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, అప్పారావు గారు ఒకే ఆలోచనతో పాఠశాలలలో వాడుక భాష కోసం కృషి ప్రారంభించారు. గిడుగు వారు ఈ ఉద్యమంలో అడుగిడేనాటికి వారికీ నలభై దాటాయి. అంతవరకు వారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ సవరల భాషను శ్రమించి నేర్చారు. ఒకరు శాసనాల ద్వారా, మరొకరు లిపి లేని భాష ద్వారా ఒకే సిద్ధాంతానికి చేరుకొన్నారు. బాల్యమిత్రులిద్దరి కృషి ప్రౌఢవయస్సులోనే ఫలించడం కాకతాళీయం కాదు. ఆ సిద్ధాంతానికి కావలసిన సామగ్రి సమకూరడానికే అంతకాలం పట్టింది.

1909, 1910 సంవత్సరాలు

1909లో ‘కన్యాశుల్కం’ ద్వితీయ ముద్రణ వెలువడింది. ముద్రణ అన్నది పేరుకే. ఇది ఏడంకాల నూతన గ్రంథం. మధురవాణి పాత్ర విస్తరించి నాటకానికి కేంద్రమైనది. తొలికూర్పులో సంఘసంస్కరణోద్దేశం ముందు నడుస్తుంది, పాత్రలు వెనుక నడుస్తాయి. మలికూర్పులో ఆ వరుస మారింది. గిరీశం, రామప్పంతులు, మధురవాణి మొదలైనవారు తమతమ మాటతీరుతో స్వతంత్ర వ్యక్తులై నిలిచారు. ముప్ఫై ఏళ్ల వయస్సులో వ్రాసినదానిని నలభై ఏడేళ్ల వయస్సులో తిరగవ్రాసే ధైర్యం అరుదైనది. తొలికృతికి లభించిన కీర్తితో తృప్తిపడినవారు ఆ పనికి పూనుకోరు.

మరుసటి సంవత్సరమే మచిలీపట్టణం నుంచి అయ్యంకి వెంకట రమణయ్య గారి సంపాదకత్వంలో ‘ఆంధ్రభారతి’ మాసపత్రిక ప్రారంభమైనది. దాని 1910 ఫిబ్రవరి సంచికలో ‘దిద్దుబాటు’ కథానిక వెలువడింది. తప్పుదారిన నడుస్తున్న భర్తను చదువుకొన్న భార్య చాతుర్యంతో సరిదిద్దడం ఇందలి ఇతివృత్తం. తొలి తెలుగు కథానికగా దీనిని చాలాకాలం పేర్కొన్నారు. భండారు అచ్చమాంబ గారి ‘ధనత్రయోదశి’ 1902 నాటిదని తెలిసిన తరువాత ఆ ప్రథమత్వాన్ని పునఃపరిశీలించవలసి వచ్చింది. ప్రథమత్వం మారినా ‘దిద్దుబాటు’ శిల్పానికి లోటు రాదు.

అదే సంవత్సరం హేలీ తోకచుక్క ఆకాశంలో కనిపించింది. లోకం దానిని అరిష్టసూచకంగా భావించి భయపడుతున్న సమయంలో అప్పారావు గారు దానిని భూమికి దూరపు చుట్టంగానూ, రానున్న సంస్కారయుగానికి సూచికగానూ భావించి ‘ముత్యాల సరాలు’ రచించారు. ఆంధ్రభారతిలో ప్రకటితమైన ఈ ఖండికతో తెలుగు కవితలో నూతనాధ్యాయం ఆరంభమైనదని విమర్శకుల అభిప్రాయం.

ముత్యాలసరం: ఛందస్సు

ఈ ఖండిక పేరే దాని ఛందస్సుకు పేరైనది. మూడు, నాలుగు మాత్రల గణాలు ఒకదాని వెంట ఒకటి వచ్చే మిశ్రగతి దీనికి ప్రాణం. నాలుగు పాదాలలో మొదటి మూడింటికి పదునాలుగేసి మాత్రలుంటాయి. నాలుగవ పాదం ఏడు మొదలు పదునాలుగు మాత్రల వరకు కవి ఇష్టానుసారం ఉండవచ్చు. యతిప్రాసల నిర్బంధం లేదు. లక్షణవేత్తలు చెప్పిన వృషభగతి రగడలో పాదానికి ఇరువదియెనిమిది మాత్రలు, అదే మూడు నాలుగుల నడక. రగడ పాదాన్ని రెండుగా విరిచినప్పుడు ముత్యాలసరపు పాదం లభిస్తుంది.

అందుచేత గురజాడ వారు సంప్రదాయాన్ని తెంచివేశారన్న వాదమూ, వారిది పరదేశపు అనుకరణమన్న వాదమూ రెండూ నిలవవు. రగడ నడక ప్రాచీనం. పాటల లయ జనసామాన్యానిది. నాలుగవ పాదాన్ని కుదించే స్వేచ్ఛ కవి సొంతం. ఆ కుదింపువల్ల చరణాంతంలో ఒక విరామం ఏర్పడి భావం శ్రోత మనస్సులో నిలుస్తుంది. ‘కన్యక’ వంటి కథాకావ్యాలలో విషాదం ఇంత సరళంగా నడవడానికి ఛందస్సులోని ఈ మాత్రాగతులే ఆధారం.

మరొక అంశం. వాడుకభాష కోసం పోరాడిన కవి తన ఖండికలలో గ్రాంథిక రూపాలను పూర్తిగా విడిచిపెట్టలేదు. ప్రథమావిభక్తి ప్రత్యయాలు, ద్రుతాంత రూపాలు, పూర్వకవుల పలుకుబడులు వాడుకమాటల సరసనే కనిపిస్తాయి. వచనానికి ఒక నీతి, పద్యానికి మరొక నీతి ఆయన పాటించారు. రెండు భాషల ఔచిత్యాన్ని చిరకాలం తూచినవానికే ఈ సమన్వయం సాధ్యం.

చివరి ఏళ్లు

‘లవణరాజు కల’లో కులభేద నిరసన, ‘పూర్ణమ్మ’లో వృద్ధునికి అమ్ముడుపోయిన బాలిక మరణం, ‘కన్యక’లో రాజదౌష్ట్యాన్ని ధిక్కరించిన వైశ్యకన్య ఆత్మాహుతి ఈ కాలపు వస్తువులు. 1,034 వివాహాల పట్టికలోని అంకెలు మొదట నాటకంలో హాస్యానికి ఆలంబనమై, దాదాపు ఇరవై ఏళ్ల తరువాత పూర్ణమ్మ రూపంలో కరుణరసంగా పరిణమించాయి. ఒకే విషయం ఒకే కవి హృదయంలో ఎంతకాలం నిలిచి పక్వమైనదో ఈ రెండు రచనలు చెబుతున్నాయి. ‘దేశభక్తి’ గేయం 1913లో కృష్ణాపత్రికలో ప్రకటితమై ఆంధ్రదేశమంతటా వ్యాపించింది.

ఈ ఏళ్లలోనే ఆయనను భాషావివాదం చుట్టుముట్టింది. 1911లో మద్రాసు విశ్వవిద్యాలయ పాఠ్యనిర్ణాయక సంఘంలో సభ్యత్వం లభించింది. ఇంటర్మీడియట్ విద్యార్థులు వ్యాసరచనలో ఏ భాషను వాడాలన్న విషయంపై ఏర్పడిన సంఘంలో అధిక సంఖ్యాకులు గ్రాంథికాన్ని సమర్థించారు. జయంతి రామయ్య పంతులు గారు ఆ పక్షానికి ప్రముఖులు. అప్పారావు గారు తమ అసమ్మతిని ఆంగ్లంలో సుదీర్ఘ పత్రంగా వ్రాసి 1914లో ప్రకటించారు. పూర్వకావ్యాల నుంచి, వ్యాకరణాల నుంచి, వ్యాఖ్యానాల నుంచి ఆధారాలు చూపి చేసిన ఆ వాదం నేటికీ భాషాశాస్త్ర విద్యార్థులకు పఠనీయం. ఆనాటికి మాత్రం గ్రాంథిక పక్షానిదే పైచేయి అయినది. మరుసటి సంవత్సరం ఆయన కన్నుమూశారు. 1919లో గిడుగు వారు, వీరేశలింగం పంతులు గారు కలిసి వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజాన్ని నెలకొల్పేనాటికి ఆ సభలో ఆయన లేరు.

ఆలస్యానికి చెల్లించిన మూల్యం

ఆలస్యంవల్ల పరిపాకం కలిగినదని చెప్పి ఊరుకొంటే అది సగం సత్యమే. మిగిలిన సగాన్నీ పరిశోధకుడు చెప్పవలసి ఉన్నది. కాశ్మీరకవి బిల్హణుని కథను తీసుకొని ప్రారంభించిన ‘బిల్హణీయం’ అసంపూర్ణంగా మిగిలింది. ‘కొండుభట్టీయం’ కూడ ముగియలేదు. కథానికలు వేళ్ల మీద లెక్కించదగినవి. వ్యాధిగ్రస్తమైన దేహం, వివాదాల ఒత్తిడి మిగిలిన కొద్ది కాలాన్నీ పంచుకొన్నాయి. నాటకరంగంలో ఇంతటి సామర్థ్యం చూపిన రచయితకు ఇంకొక పదేళ్లు లభించి ఉంటే, లేదా కొలువు భారం ముందుగా తగ్గి ఉంటే, తెలుగు నాటకసాహిత్యం ఎంత సంపన్నమయ్యేదో ఊహించవచ్చు. సంస్థానపు నీడ ఆయనకు గ్రంథాలను, శాసనాలను, విద్వత్సాంగత్యాన్ని ఇచ్చింది. ఆ నీడయే ఆయన ఉత్తమ సంవత్సరాలను దస్తావేజులకు అప్పగించింది. ఈ రెండింటిలో ఏ ఒక్కటి విస్మరించినా జీవితచరిత్ర ఏకపక్షమవుతుంది.

ఉపసంహారం

శక్తి ఆయనకు ఇరవై ఏళ్లకే ఉన్నది, అందుకు ఆంగ్ల సారంగధర సాక్ష్యం. నిపుణత అధ్యాపకత్వంలో, శాసన పరిశోధనలో, కొలువులో సమకూరింది. అభ్యాసం మాత్రం తన భాష ఏదో నిశ్చయించుకొన్న తరువాతనే సఫలమైనది. కవిత్వానికి ముందు కవి ఒక భాషను ఎంచుకోవాలి. పూర్వకవులకు అది సిద్ధంగా లభించింది. గురజాడ వారు దానిని వెదకి, వాదించి, నిలబెట్టుకొనవలసి వచ్చింది. ఆయన ఆరంభం ఆలస్యం కావడానికి ముఖ్యకారణమిదే. రాజశేఖరుడు కావ్యమీమాంసలో ప్రత్యేకంగా చర్చించిన కవిపాకానికి ఆధునిక సాహిత్యంలో ఇంతకంటె తగిన ఉదాహరణ దొరకదు.

నూట యాభైయవ జయంతి సందర్భంగా 2012లో ఆయన సమగ్ర రచనలు ‘గురుజాడలు’ పేరుతో ఒక్కచోట లభించినందున కాలక్రమ పరిశీలన నేడు సులభసాధ్యం. ప్రాచ్య కళాశాలల విద్యార్థులు 1897, 1909 నాటి కన్యాశుల్క పాఠాలను పక్కపక్కన ఉంచుకొని, ఏయే సంభాషణలు మారినవో, ఏ పాత్ర ఏ చోట పెరిగినదో అంకానికి అంకంగా గుర్తించడం ప్రయోజనకరమైన పరిశోధన. ఒక రచయిత పన్నెండేళ్ల మౌనంలో ఏమి నేర్చుకొన్నాడో ఆ మార్పులలోనే లిఖితమై ఉన్నది.